పైపులో దొరికిన పురుగు పేరు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువు కదా, పైపుల గురించో పంపుల గురించో అరగంట మాట్లాడు" అన్నాడు. పైపుల గురించే మాట్లాడతాను. కాకపోతే ఆ పైపులో కాపురం పెట్టిన ఒక పురుగు గురించి, దాని పేరు నేను తప్పుగా రాసుకోవడం వల్ల జరిగిన నష్టం గురించి.

ముందు మన పాత లాబ్ సంగతి. కిటికీ పక్కన అలమర, అందులో ఆరేడు సీసాలు గుర్తున్నాయా? ఒకదాంట్లో తేలు, ఒకదాంట్లో నీటిపాము, ఒకదాంట్లో జానెడు పొడవున్న పురుగు. రెండు పక్కలా కాళ్లలాంటివి వరసగా ఉండేవి. దాని లేబుల్ ఎప్పుడో ఊడిపోయింది. మేమంతా జెర్రి అనుకున్నాం. నేను రికార్డులో బొమ్మ వేసి కింద "జెర్రి" అని రాసి పట్టుకుపోతే, సైన్సు సారు ఎర్ర పెన్నుతో ఆ మాట కొట్టేశారు. "సీసా మీద లేబుల్ ఉన్నదా? లేదు. నీకు తెలుసా? తెల్వదు. మరి పేరెట్ల రాసినవ్? ఎన్ని ముక్కలున్నయో లెక్కపెట్టి రాయి. తలకాయ ఎట్లున్నదో రాయి. పేరు జాగా ఖాళీగ పెట్టు" అన్నారు. పది మార్కులకు ఆరే వేశారు. ఆ నాలుగు మార్కుల కోపం నాకు చాలా ఏళ్లు ఉంది. ఇంటర్మీడియట్‌లో నీరీస్ బొమ్మ చూశాక మన సీసాలోది అదే అయి ఉంటుందనిపించింది. అయి ఉంటుంది అనే అంటున్నాను. ఇవాళ్టికీ నాకు తెలియదు.

ఇక పైపు. ఉద్యోగంలో ఎక్కువ కాలం నేను సముద్రం ఒడ్డునే పనిచేశాను. పెద్ద ప్లాంట్లకు యంత్రాలను చల్లబరచడానికి సముద్రపు నీరే వాడతారు. నీటిని తోడి, జల్లెడలు దాటించి, హీట్ ఎక్స్‌ఛేంజర్ల గుండా పంపి, మళ్లీ సముద్రంలోకి వదులుతారు. మన తీరంలో ఒక ప్లాంటులో, పేరు అక్కర్లేదు, తప్పు నాది, ఒక మే నెలలో షట్‌డౌన్ చేసి పైపు తెరిచాం. లోపలంతా తెల్లటి పూత. దగ్గరకెళ్లి చూస్తే అది పూత కాదు. అగ్గిపుల్ల లావున సున్నపు గొట్టాలు ఒకదాని మీద ఒకటి మెలికలు తిరిగి అల్లుకుపోయాయి. గోకితే చెయ్యి తెగింది.

అవి పురుగుల ఇళ్లు. మన ఎర్రకు, అదే వానపాముకు, దూరపు చుట్టాలు. శరీరం ఉంగరాలు పేర్చినట్టు ఖండాలుగా ఉంటుంది, పక్కల నుంచి సన్నటి శూకాలు పొడుచుకొస్తాయి. శూకాలు ఎక్కువ కాబట్టి వీటికి పాలికీటా అని పేరు. లోకంలో ఇప్పటిదాకా పదివేలకు పైగా జాతులను గుర్తించారు, దాదాపు అన్నీ సముద్రంలోనివే. కొన్ని బురద తింటాయి, కొన్ని వేటాడతాయి, కొన్ని ఇలా తలుపున్న ఇల్లు కట్టుకుని కదలకుండా కూర్చుంటాయి. పిల్లలు కంటికి ఆనవు. జల్లెడ వాటినేం ఆపుతుంది! లోపలికొచ్చి, పైపు గోడ మీద బ్యాక్టీరియా జిగురు పొర పట్టిన చోటు చూసుకుని అంటుకుంటాయి. అంటుకున్నాక సున్నం కడతాయి. విరిగిన గొట్టం ముక్క ఒక్కటి కొట్టుకొచ్చి ఎక్స్‌ఛేంజర్ ట్యూబు మూతిలో ఇరుక్కుంటే ఆ ట్యూబు పని అయిపోయినట్టే. ముక్క కింద నీరు కదలదు, అక్కడే లోహం తినేసుకుపోతుంది.

మందు క్లోరిన్. కానీ క్లోరిన్‌కు డబ్బు ఖర్చు, పైగా బయటికి వదిలే నీటిలో అది ఎంత మిగలవచ్చో లెక్క ఉంది. కాబట్టి పురుగు పిల్లలు వచ్చే నెలల్లో ఎక్కువ, లేని నెలల్లో తక్కువ వేయాలి. ఎప్పుడొస్తాయో తెలియాలంటే అది ఏ పురుగో తెలియాలి. ఆఫీసులో ఒక పాత చేతిపుస్తకం ఉండేది. బొమ్మ చూశాను, మా పైపులోదానిలాగే ఉంది. కింద పేరు హైడ్రాయిడిస్ నార్వెజికా. ఆ పేరు పట్టుకుని వెతికితే ఉత్తర ఐరోపా నీళ్ల గురించి రాసిన వ్యాసం దొరికింది. ఎండాకాలంలో పిల్లలు, చలికాలంలో విశ్రాంతి అని దాని సారాంశం. నేను ఆ ప్రకారమే పట్టిక గీసి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మోతాదు సగం చేసి, ఇంత ఆదా అని పైవాళ్లకు కాగితం పెట్టాను. మెచ్చుకున్నారు కూడా.

మార్చిలో ఎక్స్‌ఛేంజర్ వేడెక్కింది. తెరిస్తే ట్యూబుల్లో మూడో వంతు మూసుకుపోయి ఉన్నాయి.

ఆ గొట్టాల పెచ్చులు ఒక ప్లాస్టిక్ సంచిలో వేసుకుని విశాఖ వెళ్లాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన ఒక మేడమ్‌ను ఎవరో చూపించారు. ఆమె సంచి విప్పి చూసి, "ఇల్లు తెచ్చావు బాబూ, మనిషిని తేలేదు. ఎండిపోయిన గోడలు చూసి ఇందులో ఎవరున్నారో ఎలా చెప్పను?" అన్నారు. మళ్లీ వెళ్లి, బతికున్నవాటిని తెచ్చి ఇచ్చాను. ఆమె వాటిని మత్తెక్కించి, కవచం పగలగొట్టి, ఒక్కో పురుగును సూదులతో బయటికి లాగి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, "ఇప్పుడు చూడు" అన్నారు.

నేను చూసింది చెబుతాను, అది మరిచిపోయేది కాదు. పురుగు తల దగ్గర ఈకల కుంచెలాంటి మొప్పల గుత్తి. ఆ గుత్తిలో ఒక కాడ మాత్రం బిరడాగా మారి ఉంటుంది. ప్రమాదం రాగానే పురుగు లోపలికి జారి ఆ బిరడాతో తలుపు వేసుకుంటుంది. హైడ్రాయిడిస్ ప్రజాతి బిరడాకు రెండు అంతస్తులు. కింద అంచు రంపపు పళ్లలా కోసిన గరాటు, దాని మీద ముళ్ల కిరీటం. ఆ కిరీటంలో ముళ్లెన్ని, ఒక్కో ముల్లుకు పక్కన పిల్ల ముళ్లు ఉన్నాయా, లోపలి వైపు ఉన్నాయా, మెడపట్టీ దగ్గరి ప్రత్యేక శూకాల మొన ఎలా ఉంది, జాతిని తేల్చేవి ఇవి. ఆమె ముళ్లు లెక్కపెట్టించారు. మూడు పురుగులకు లెక్కపెట్టి చాలనుకున్నాను. ఇరవైకి పెట్టమన్నారు.

తేలిందేమిటంటే అది హైడ్రాయిడిస్ ఎలిగన్స్. నార్వెజికాకు 1768లో పేరు పెట్టినవాడు నార్వేలో బిషప్‌గా ఉన్న గున్నెరుస్. అది చల్లటి నీళ్లది, లోతున ఉండేది, ఓడల అడుగుకు పట్టే రకం కాదు. ఎలిగన్స్‌ను 1883లో సిడ్నీ రేవు నుంచి హాస్‌వెల్ వర్ణించాడు. అది వెచ్చటి రేవులది. చాలాకాలం రెండింటినీ ఒకటే అనుకున్నారు. 1971లో జిబ్రోవియస్ అనే శాస్త్రవేత్త మధ్యధరా సముద్రపు హైడ్రాయిడిస్ జాతులను పరిశీలిస్తూ వాటిని మళ్లీ విడదీశాడు. దాంతో ఉష్ణదేశాల రేవుల నుంచి అంతవరకూ నార్వెజికా అని రాసిన లెక్కలు ఎలిగన్స్‌వే అని తేటపడింది. మన దేశపు పత్రికల్లో మాత్రం పాత పేరు ఆ తర్వాత కూడా నడిచింది. మా ఆఫీసు చేతిపుస్తకం అంతకంటే పాతది.

ఎలిగన్స్ పిల్ల వెచ్చటి నీటిలో అయిదు రోజుల్లో అంటుకోవడానికి సిద్ధమవుతుంది. అంటుకున్న మూడు నాలుగు వారాలకు అదే గుడ్లు పెడుతుంది. మన తీరంలో చలికాలం అంటే మనకు చలికాలం, దానికి కాదు. నేను క్లోరిన్ సగం చేసిన నాలుగు నెలల్లో దానికి నాలుగు తరాలు గడిచాయి.

నాచారంలో మా బాబాయికి చిన్న లేత్ షాపు ఉండేది. సెలవుల్లో నేను అక్కడ బోల్టులు ఏరేవాణ్ని. అర అంగుళం బోల్టులు రెండు రకాలు వచ్చేవి. విట్‌వర్త్ దానికి అంగుళానికి పన్నెండు మరలు, అమెరికన్ యూఎన్‌సీ దానికి పదమూడు. లావు ఒకటే, రంగు ఒకటే. నట్టు ఒకటి రెండు చుట్లు తేలిగ్గానే తిరుగుతుంది, తర్వాత పట్టేస్తుంది. ఇంకా బలవంతం చేస్తే మర చితికిపోతుంది. అందుకే బాబాయి జేబులో ఎప్పుడూ పిచ్ గేజి ఉండేది. గేజి పెట్టకుండా డబ్బాలో వేస్తే నెత్తి మీద మొట్టికాయ పడేది. బోల్టుకు చేసిన ఆ పని పురుగుకు చేయాలని నాకు తోచనే లేదు. బొమ్మ చూశాను, పోలి ఉంది, డబ్బాలో వేసేశాను.

అప్పటి నుంచి ఈ పురుగులు నన్ను వదల్లేదు. మా ఆవిడ దీన్ని పురుగు పట్టడం అంటుంది. ఆదివారాలు పుస్తకాలు చదివాను, వీలైనప్పుడు విశాఖ వెళ్లి ఆ మేడమ్ దగ్గర కూర్చున్నాను. ఈ పని ఎలా జరుగుతుందో కొంచెం చెబుతాను, ఇక్కడ సైన్సు టీచర్లు చాలామంది ఉన్నారు కాబట్టి.

సముద్రపు అడుగు నుంచి ఉక్కు దవడలున్న గ్రాబ్‌తో బురద తెస్తారు. దాన్ని అర మిల్లీమీటరు జల్లెడలో కడుగుతారు. మిగిలినదాన్ని ఫార్మలిన్‌లో వేసి, రోజ్ బెంగాల్ అనే రంగు కలుపుతారు. బతికున్నప్పుడు ప్రాణి అయినదంతా గులాబీ రంగు ఎక్కుతుంది, ఇసుక ఎక్కదు. అప్పుడు ఏరాలి. ఒక్క గ్రాబ్ మట్టిలోంచి ఏరడానికి రెండు రోజులు పట్టవచ్చు. తర్వాత పెద్ద లక్షణాలతో కుటుంబం తేల్చాలి, ఆ తర్వాత చిన్నవాటితో ప్రజాతి, జాతి. నీరీస్ కుటుంబమైతే గొంతు బయటికి తిరగబడి ఉండాలి. దాని మీద నల్లటి చిన్న పళ్లు గుంపులుగా ఉంటాయి. గొంతును ఎనిమిది ప్రాంతాలుగా విడగొట్టి, రోమన్ అంకెలు వేసి, ఏ ప్రాంతంలో ఎన్ని పళ్లో రాస్తారు. పురుగు నోరు మూసుకుని చచ్చిపోతే గొంతు కోసి చూడాలి. అందుకే ఫార్మలిన్‌కు ముందు మెగ్నీషియం క్లోరైడు ద్రావణంలో మత్తెక్కించాలి. మా మేడమ్ మొదట చేసింది అదే.

కాపిటెల్లా కుటుంబమైతే ఇంకా కష్టం. ఎర్ర దారంలా ఉంటుంది, పళ్లు లేవు, ముళ్ల కిరీటం లేదు. మెడ నుంచి మొదటి ఖండాలు లెక్కపెట్టాలి. ముందు భాగంలో తొమ్మిది ఖండాలుంటే కాపిటెల్లా. శూకాలున్న ఖండాలు పది ఉండి, మొదటి నాలుగింటికే వెంట్రుకల్లాంటి శూకాలుంటే మీడియోమాస్టస్. పదకొండు ఉండి మొదటి అయిదింటికి ఉంటే హెటెరోమాస్టస్. మిగిలిన ఖండాలకు కొక్కేల్లాంటి శూకాలు. లెక్క ఒకటి తప్పితే ప్రజాతే మారిపోతుంది. పైగా పిల్ల పురుగుల్లో కొన్ని ఖండాలకు కొక్కేలుంటాయి, పెరిగాక అక్కడ వెంట్రుకలొస్తాయి. అంటే ఒక ప్రజాతి పిల్ల ఇంకో ప్రజాతి పెద్దదానిలా కనిపించవచ్చు. బోల్టుకు ఈ బాధ లేదు.

ఈ పనిలో మన తెలుగువాళ్ల చరిత్ర చిన్నదేం కాదు. కలకత్తా ఇండియన్ మ్యూజియం సేకరణను పరిశీలించి 1932లో పెద్ద గ్రంథం రాసింది ఫ్రాన్స్‌లోని ఆంజే పట్టణపు ఆచార్యుడు పియెర్ ఫోవెల్. 1953లో ఫౌనా ఆఫ్ ఇండియా వరుసలో పాలికీటా సంపుటం కూడా ఆయనదే, అది చాలా ఏళ్లు మన విద్యార్థులకు చేతికర్ర. వాల్తేరులో ఆచార్య పి.ఎన్. గణపతి, ఆయన శిష్యులు ఆ కర్ర పట్టుకుని చాలా దూరం నడిచారు. వై. రాధాకృష్ణతో కలిసి వాల్తేరు తీరపు నీటిలో తేలే పాలికీటా పిల్లలను వర్ణించారు. జి. చంద్రశేఖర రావుతో కలిసి బీచి ఇసుక రేణువుల మధ్య సందుల్లో బతికే ప్రాణులను వెతికారు. మనం పల్లీలు తింటూ కూర్చునే ఆ ఇసుకలోనే. 1970లలో ఎ.వి. రామన్‌తో కలిసి విశాఖ రేవు లోపలి భాగంలో కాలుష్యం పెరిగిన కొద్దీ ఏ పురుగులు పోతున్నాయి, ఏవి మిగులుతున్నాయి అని లెక్కగట్టారు. మురుగు చేరే చోట గుంపులుగా మిగిలింది కాపిటెల్లా కాపిటేటా.

పీర్జాదిగూడ వైపు మూసీ ఒడ్డుకు వెళ్లినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. మురుగు బురదలో ఎర్రటి దారాల్లా ఊగే పురుగులు చూసే ఉంటారు. అక్వేరియం దుకాణాల్లో చేపల మేతకు ట్యూబిఫెక్స్ అని అలాంటివాటినే అమ్ముతారు. మూసీలోవి ఏ జాతో నేను చెప్పను, నేను లెక్కపెట్టలేదు. ప్రాణవాయువు తక్కువైన చోట తట్టుకోవడానికి వాటి రక్తంలో హిమోగ్లోబిన్ ఉంది, అందుకే ఆ ఎరుపు. సముద్రంలో ఆ పాత్ర కాపిటెల్లాది. అది గుంపులుగా ఉందంటే అక్కడ నీటికి బాగోలేదని లోకమంతా ఒక సూచికగా వాడుకుంది.

చిక్కు ఇక్కడే వచ్చింది. 1969లో అమెరికాలో మసాచుసెట్స్ తీరాన వెస్ట్ ఫాల్మత్ దగ్గర ఒక నూనె బార్జి ఒలికిపోయింది. మిగతావన్నీ చచ్చిన చోట కాపిటెల్లా విపరీతంగా పెరిగింది. దాన్ని చదువుతున్న గ్రాసిల్ దంపతులు 1976లో ఒక మాట బయటపెట్టారు. ఒకే పేరు కింద కనీసం ఆరు జాతులున్నాయని. చూపుకు దాదాపు తేడా లేదు. గుడ్ల సైజు వేరు, పిల్లలు పెరిగే తీరు వేరు, ఎంజైములు వేరు. వాటిలో ఒకదానికి 2009లోగానీ కాపిటెల్లా టెలెటా అని సొంత పేరు రాలేదు. అసలు కాపిటేటాను 1780లో వర్ణించింది ఒట్టో ఫాబ్రిసియస్, గ్రీన్‌లాండ్ నుంచి. ఆయన దాన్ని వానపాముల ప్రజాతిలో పెట్టాడు, లుంబ్రికస్ అని. అందుకే ఇప్పటికీ ఆయన పేరు కుండలీకరణాల్లో రాస్తారు, ప్రజాతి తర్వాత మారింది అని దానికి అర్థం. ఆయన చూసిన నమూనా ఇవాళ లేదు. 2009లో బ్లేక్ గ్రీన్‌లాండ్ నుంచే కొత్త నమూనా ఎంచి, ఇకపై కాపిటేటా అంటే ఇది అని నిలబెట్టాడు.

మరి విశాఖ రేవులోది? గ్రీన్‌లాండ్ మంచు నీటి పురుగు, విశాఖ రేవు పురుగు ఒకటేనంటే నమ్మడం కష్టం. ఇందులో గణపతి గారి బృందం తప్పేమీ లేదు. అప్పుడున్న గేజితో అంతవరకే కొలవగలరు, వాళ్లు శ్రద్ధగా కొలిచారు. రేవు పాడైందన్న వాళ్ల మాట ఇవాళ్టికీ నిలబడే మాటే. ఇలాంటి కథ ఒక్క మన తీరానిదే కాదు. 2018లో పాట్ హచింగ్స్, ఎలీనా కుప్రియనోవా ఇద్దరూ కలిసి, ప్రపంచమంతా ఉందని చెప్పే పాలికీటా జాతుల్లో ఎన్ని నిజంగా అలా ఉన్నాయని గట్టిగా ప్రశ్నించారు. ఐరోపా పుస్తకం పెట్టుకుని ఐరోపా పేర్లు తగిలించడమే దీనికి పెద్ద కారణం. మా పైపు సంగతి సరిగ్గా అదే.

నాకు నిజంగా భయం వేసేది ఇక్కడ. ఇవాళ తీరంలో ఏ జెట్టీ కట్టాలన్నా, ఏ గొట్టం వేయాలన్నా పర్యావరణ నివేదిక కావాలి, అందులో అడుగు బురదలోని ప్రాణుల జాబితా ఉంటుంది. ఉద్యోగరీత్యా అలాంటివి చాలా చదివాను. ఒకసారి రెండు వేర్వేరు చోట్ల నివేదికల్లో పురుగుల జాబితా అదే వరసలో, అదే అక్షర దోషంతో కనిపించింది. రాసింది ఎవరో చెప్పను. నమూనాలు ఎక్కడ దాచారని అడిగితే, పని అయ్యాక పారబోశామన్నారు. నమూనా ఉంటే, పేరు తప్పయినా ఇంకొకరు వచ్చి మళ్లీ లెక్కపెట్టి సరిదిద్దవచ్చు. సీసా పారబోశాక ఆ పేరు సరైందో కాదో చెప్పే దారి ఎవరికీ లేదు. నా పెచ్చుల సంచి నయం, కనీసం ఇల్లయినా మిగిలింది.

డీఎన్ఏ చూస్తే తేలిపోదా అని మా అబ్బాయి అడిగాడు. కొంత తేలుతుంది. కానీ ఫార్మలిన్‌లో ఉంచినదాంట్లో డీఎన్ఏ పాడవుతుంది, కొన్నింటిని విడిగా ఆల్కహాల్‌లో పెట్టాలి. పోల్చుకోవడానికి ముందే ఎవరో సరిగ్గా పేరు పెట్టిన పురుగు డీఎన్ఏ ఉండాలి. ఆ పేరు పెట్టేది మళ్లీ ముళ్లు లెక్కపెట్టే మనిషే. మన దగ్గర అలాంటి మనుషులు రిటైరవుతున్నారు. వాళ్ల కుర్చీల్లో కూర్చునే పిల్లలు నాకు ఎక్కువమంది కనబడలేదు.

టీచర్లకు ఒక చిన్న మాట. మనకు చెప్పింది అనెలిడా వర్గంలో మూడు విభాగాలని, పాలికీటా, ఆలిగోకీటా, జలగల హిరుడీనియా. జన్యువులను బట్టి చూస్తే వానపాములు, జలగలు పాలికీటాల చెట్టులోనే ఒక కొమ్మ అని తేలింది. అంటే పాలికీటా అనేది విడి విభాగంగా నిలవదు. విచిత్రమేమిటంటే, తిరిగేవి, కదలకుండా కూర్చునేవి అని పంతొమ్మిదో శతాబ్దంలో కాత్రఫాజ్ చేసిన పాత విభజన, అందరూ పనికిరాదని పక్కన పెట్టింది, 2011లో జన్యువుల లెక్కలో కొన్ని మార్పులతో మళ్లీ లేచి కూర్చుంది. మన వానపాము ఆ కూర్చునే గుంపులో చేరింది. పరీక్షలో ఎలా రాయించాలో మీరే చూసుకోండి, పిల్లల మార్కులు పోగొట్టమని నేను అనను. నా నాలుగు మార్కులు పోయినవి చాలు.

ఆ ప్లాంటులో తర్వాత ఏడాదంతా ఒకే మోతాదు వేశాం. పట్టిక బదులు, నీటిలో స్టీలు పలకలు వేలాడదీసి వారానికోసారి తీసి, అంటుకున్నవాటిని లెక్కపెట్టి మోతాదు సరిచేశాం. ఆదా తక్కువైంది, ఎక్స్‌ఛేంజర్ మాత్రం మళ్లీ మూసుకుపోలేదు.

మన లాబ్‌కు ఇవాళ రెండు సీసాలు తెచ్చాను. ఒకదాంట్లో ఆ పైపు ముక్క, దాని మీద పురుగులు ఇళ్లలోనే ఉన్నాయి. లేబుల్ సీసా బయట అంటించలేదు, లోపలే వేశాను. పెన్సిల్‌తో రాశాను, సిరా అయితే ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ఎక్కడ, ఏ తేదీన, ఎంత లోతులో, ఎవరు తీశారు, పేరు ఎవరు తేల్చారు, అన్నీ అందులో ఉన్నాయి. రెండోది కిందటి ఏడాది భీమిలి దగ్గర రాళ్ల మీద నేనే తీసిన నీరీస్ కుటుంబపు పురుగు. గొంతు సరిగా బయటికి రాలేదు, పళ్లు పూర్తిగా లెక్కపెట్టలేకపోయాను. అందుకని కుటుంబం పేరు రాసి, కింద జాగా ఖాళీగా వదిలేశాను. మన పాత విద్యార్థుల్లో జంతుశాస్త్రం చదివినవాళ్లు ఎవరైనా వచ్చి చూసి మిగతాది రాయవచ్చు. పెన్సిల్ అలమరలోనే పెట్టాను.